సాలెం పాదం, రెంజో మాట

కాగితాల మీద నా ఉద్యోగం ఫిజియోథెరపిస్ట్. క్లబ్బులో అందరూ పిలిచేది మాత్రం ముదల్లిక్ అని. అరబ్బీలో ఒళ్లు పట్టేవాడని అర్థం. నెల్లూరు నుంచి షార్జా వెళ్లిన కొత్తలో ఆ పిలుపు వింటే చదివిన చదువంతా గంగలో కలిసినట్టుండేది. పోనుపోను అలవాటైంది. అందులో ఒక లాభం కూడా ఉందని తెలిసింది. డాక్టరు ముందు నోరు విప్పని మనిషి ఒళ్లు పట్టేవాడి ముందు విప్పుతాడు. బల్ల మీద బోర్లా పడుకున్నవాడికి మన ముఖం కనపడదు కదా, అందుకు కాబోలు.

ఈ మధ్య మా ఊళ్లో ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "సార్, స్పోర్ట్స్ వైపు వెళ్లాలనుంది, ఎలా ఉంటుంది?" అని అడిగారు. కప్పులు, ఫొటోలు, విమాన ప్రయాణాలు వాళ్ల కళ్లలో మెరుస్తున్నాయి. అవన్నీ ఉంటాయి. వాటి గురించి చెప్పడానికి నేను అక్కర్లేదు. నేను చెప్పగలిగింది ఇద్దరు మనుషుల సంగతి. ఒకరు ఇటలీ నుంచి వచ్చిన బాస్కెట్‌బాల్ ఆటగాడు. రెండోవాడు అతన్ని గురువుగా నమ్ముకున్న కల్బా కుర్రాడు. 2002 నుంచి 2008 దాకా ఆ క్లబ్బులో ఎందరి కీళ్లో, కండరాలో నా చేతుల మీదుగా వెళ్లాయి. పేర్లు కూడా మరచిపోయాను. ఈ ఇద్దర్ని మరచిపోలేదు.

రెంజో

విదేశీ ఆటగాడంటే మా వాళ్లకు ఒక లెక్క ఉండేది. తలుపులో తల వంచుకుని రావాలి. దూకితే బుట్ట ఇనుప చట్రానికి వేలాడాలి. 2003లో వచ్చిన రెంజో అలా లేడు. మామూలు ఎత్తు, పల్చబడ్డ జుట్టు, ముప్ఫై ఆరేళ్ల వయసు. జట్టు బస్సు నడిపే యాదగిరి విమానాశ్రయం నుంచి అతన్ని దింపి, నేరుగా నా గదికొచ్చాడు. యాదగిరిది జగిత్యాల దగ్గర ఊరు. సజ్జాలో కార్మికుల క్యాంపులో ఉండేవాడు.

"మస్తాన్ భాయ్, గీయన ఆడనీకె వచ్చిండా, కోచింగ్ ఇయ్యనీకె వచ్చిండా? సామాన్ల ఆటబూట్ల కన్న మోకాలి పట్టీలే ఎక్కువున్నయ్!" అన్నాడు.

మర్నాడు రెంజో నా బల్ల మీద పడుకున్నాడు. కొత్త ఆటగాడు వస్తే ముందు ఒళ్లంతా తడిమి చూడడం నా పద్ధతి. ఎడమ కనుబొమ్మ మీద కుట్ల మచ్చ. కుడి చీలమండ ఒకటికి రెండుసార్లు సాగి గట్టిపడింది. మోకాలి చిప్ప కింద స్నాయువు తాడులా బిగుసుకుపోయింది. ఎడమ చేతి చిటికెన వేలు పక్కకు వంకరపోయి అలాగే అతుక్కుంది. ఒక్కొక్కటీ తడుముతుంటే అతను వచ్చీరాని ఇంగ్లీషులో ఊళ్ల పేర్లు చెబుతూ పోయాడు. కనుబొమ్మ సిసిలీలో, చీలమండ సార్డీనియాలో, మోకాలు ఎక్కడని ప్రత్యేకంగా చెప్పలేం, అన్ని ఊళ్లూ కలిసి చేశాయి.

చిటికెన వేలు దగ్గరికొచ్చేసరికి అతని గొంతు మారింది. అది సొంత ఊరు లివొర్నోలో జరిగింది. రేవు పట్టణం. బాస్కెట్‌బాల్ అంటే ఊరు ఊరంతా పడిచస్తుంది. పంతొమ్మిదేళ్ల వయసులో పెద్ద మ్యాచ్‌కు ముందు వేలు విరిగింది. కోచ్ అతన్ని పక్కకు పిలిచి, "నొప్పి ఉంటుంది. అయితే ఏంటి?" అన్నాడట. దాన్ని పక్క వేలితో కలిపి పట్టీ చుట్టుకుని ఆడాడు. గెలిచారు. కోచ్ వేలమంది ముందు అతని నుదురు ముద్దు పెట్టుకున్నాడు.

"నా జీవితంలో అంత మంచి రోజు మళ్లీ రాలేదు మస్తాన్," అన్నాడు.

నిజంగానే రాలేదు. రెండేళ్లు పెద్ద లీగులో ఉన్నాడు. జాతీయ జట్టు శిబిరానికి ఒకసారి పిలిచి తిప్పి పంపించారు. తర్వాత రెండో శ్రేణి, ఆ తర్వాత మూడోది. ఏడాదికో ఊరు, అద్దె ఇల్లు. పెళ్లాడిన అమ్మాయి ఒక ఊళ్లో ఆగిపోయింది, ఇతను తర్వాతి ఊరికి వెళ్లిపోయాడు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు టీవీలో చూసే ఆటగాళ్లు గుప్పెడు మంది. మిగిలినవాళ్ల బతుకు రెంజోలాగే ఉంటుంది. మీ బల్ల మీదికి వచ్చేది ఎక్కువగా ఈ మిగిలినవాళ్లే.

అయితే ఆటలోకి దిగితే అతని తీరే వేరు. బంతిని తీసుకొచ్చి ఎవరికి, ఎప్పుడు అందించాలో నిర్ణయించే స్థానం అతనిది. పరిగెత్తేవాడు కాదు, ఎగిరేవాడు కాదు. మనిషి ఎక్కడికి రాబోతున్నాడో అక్కడికి బంతి ముందే వెళ్లి ఉండేది. యాదగిరి నెల తిరక్కుండా మాట మార్చాడు. "గాయన కండ్లు ఎన్క కూడ ఉన్నయ్ భాయ్!"

సాలెం

సాలెం వయసు ఇరవై. తూర్పు తీరాన కల్బాలో వాళ్ల నాన్నకు చేపల పడవలున్నాయి. కొండలు దాటుకుని కారు నడుపుకుంటూ ప్రాక్టీసుకు వచ్చేవాడు. రెంజోది ఏ స్థానమో వాడిదీ అదే. ఎమిరాతీ కుర్రాళ్లలో, అంటే అక్కడి స్థానికుల్లో, నేను చూసినంతలో అలాంటి చేతులు మరొకరికి లేవు.

రెంజో వాణ్ని వచ్చిన వారంలోనే గుర్తుపట్టాడు. అందరూ వెళ్లిపోయాక కూడా ఇద్దరూ కోర్టులో ఉండేవాళ్లు. ఒకరిది ఇటలీ ఇంగ్లీషు, ఒకరిది అరబ్బీ ఇంగ్లీషు, ఎలా అర్థం చేసుకునేవాళ్లో నాకు తెలియదు. బంతి పట్టుకుని రెంజో భుజం కొద్దిగా తిప్పితే, వాడు తలూపి అలాగే తిప్పేవాడు. అంటుకున్నట్టు రెంజో నడక కూడా వాడికి వచ్చేసింది.

క్లబ్బు ముదీర్, అంటే మేనేజరు, ఒకరోజు అందరి ముందూ అన్నాడు. "వచ్చే ఏడాదికి సాలెం తయారైతే ఈ స్థానానికి బయటివాడు అక్కర్లేదు. ఒక పొడుగువాణ్ని తెచ్చుకుందాం." రెంజో అక్కడే బూట్లు విప్పుతున్నాడు. విన్నాడు.

బల్ల మీదికి వచ్చాక నేనే అడిగాను. "కూర్చున్న కొమ్మ నువ్వే నరుక్కుంటున్నావు, తెలుసా?"

"తెలుసు. నాకింకో క్లబ్బు దొరకదు. ఇదే ఆఖరు." తల పైకెత్తాడు. "కానీ మస్తాన్, నాకు తెలిసింది తీసుకోగలిగినవాడు ఇన్నేళ్లకు దొరికాడు. ఎలా వదలను?"

ఈ మాట గుర్తుపెట్టుకోమని చదివేవాళ్లను కోరుతున్నాను. తర్వాత జనం అతని గురించి చాలా అన్నారు.

పాదం

2004 వసంతంలో కప్పు పోటీల చివరికొచ్చాం. సెమీఫైనల్ గెలిచాక సాలెం పాదం పైభాగం రుద్దుకోవడం చూసి పిలిచాను.

"కుఛ్ నహీ మస్తాన్ భాయ్, థోడా దర్ద్," అన్నాడు. ఏమీ లేదు, కాస్త నొప్పి. నాతో హిందీలోనే మాట్లాడేవాడు.

చీలమండకు కొంచెం ముందు, పాదం వంపు పైన పడవ ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. నావిక్యులర్ అంటారు. ఒకే కాలి మీద ఎగిరి దిగేవాళ్లకు అక్కడ వెంట్రుకంత పగులు వస్తుంది. నేను బొటనవేలితో సరిగ్గా అక్కడ నొక్కాను. సాలెం పెదవి కొరుక్కున్నాడు. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవమన్నాను. లేచాడు గానీ ముఖం పాలిపోయింది.

ఆ రోజే ఎక్స్‌రే తీయించాం. ఏమీ కనపడలేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. ఈ ఎముక పగులు మొదట్లో చాలాసార్లు ఎక్స్‌రేలో దొరకదు. ఎక్స్‌రే బాగుందంటే ఎక్స్‌రే బాగుందనే, పాదం బాగుందని కాదు. అలాంటప్పుడు స్కాన్ తీయించాలి, అది వచ్చేదాకా ఆట మాన్పించాలి. ముందే పట్టుకుంటే కట్టు వేసి, కాలు కింద పెట్టనీయకుండా కొన్ని వారాలు ఉంచితే అతుక్కుంటుంది. పట్టుకోకుండా ఆడితే రెండుగా విరుగుతుంది.

ముదీర్‌కు ఇదంతా చెప్పాను. అతను చెడ్డవాడు కాదు. మా అమ్మ పోయినప్పుడు నేను అడక్కముందే టికెట్ తెప్పించి పంపిన మనిషి. కానీ ఎన్నో ఏళ్లుగా ఆ కప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. ఫైనల్ ముంగిట 'వద్దు' అనే మాట అతని చెవికి ఎక్కదు.

"స్కాన్ మ్యాచ్ తర్వాత," అన్నాడు.

"మ్యాచ్ తర్వాత స్కాన్ అక్కర్లేదు సార్. చూస్తేనే తెలిసిపోతుంది."

"డాక్టరు ఎక్స్‌రే బాగుందన్నాడు. నువ్వు డాక్టరువా?"

"కాదు. కానీ ఆ కాలు పట్టుకుని చూసింది నేను."

అతను వాచీ చూసుకున్నాడు. "సరే. కుర్రాణ్నే అడుగుదాం. వాడు ఆడనంటే ఖలాస్, బలవంతం లేదు."

ఫైనల్ రోజు, ఆట మొదలయ్యే ముందు డ్రెస్సింగ్ గదిలోకి వెళ్లాం. నేను సాలెంతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఇవాళ ఆడితే ఎముక విరగొచ్చు, విరిగితే మళ్లీ ఇలా ఆడలేకపోవచ్చు అని హిందీలో రెండుసార్లు చెప్పాను. ముదీర్ అరబ్బీలో, నీ ఇష్టం బాబూ అన్నాడు. సాలెం నా వైపు చూడలేదు. ముదీర్ వైపూ చూడలేదు. రెంజో వైపు చూశాడు.

రెంజో లేచి వాడి పక్కన కూర్చున్నాడు. తన ఎడమ చెయ్యి చాపి, వంకర చిటికెన వేలు చూపించాడు.

"నీ కంటే చిన్నవాణ్ని. విరిగిన వేలితో ఆడాను. నొప్పి ఉంటుంది. అయితే ఏంటి?" సాలెం మెడ వెనక చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని, నుదురు ముద్దు పెట్టుకున్నాడు. "యల్లా, పద."

సాలెం నవ్వి బూటు తాళ్లు బిగించుకున్నాడు.

"రెంజో, వేలు వేరు, ఇది వేరు," అన్నాను. అతను చిరాకు పడలేదు. పెద్దవాళ్లు పిల్లల భయాన్ని చూసినట్టు చూసి, "ఫర్వాలేదు మస్తాన్, ఒక్క మ్యాచ్," అన్నాడు.

ఫైనల్

సాలెం ఆ రోజు ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదు. వాళ్ల నాన్న మొదటి వరుసలో తెల్లటి కందూరాలో, ఆ పొడుగు అరబ్బు అంగీలో, కూర్చుని ఉన్నాడు. కొడుకు బంతి అందుకున్నప్పుడల్లా సగం లేచి మళ్లీ కూర్చునేవాడు. ముదీర్ నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు చేతులు చాపాడు.

ఆఖరి భాగంలో రెంజో ఊపిరి తీసుకోవడానికి బెంచీ మీద కూర్చున్నాడు. సాలెం ఒంటరిగా బంతి తీసుకుని పరిగెత్తి, ఎగిరి, బుట్టలో వేసి కిందికి దిగాడు. ఎవరూ తగల్లేదు. దిగిన కాలు నిలబడలేదు. చప్పుడు నాకు వినిపించింది, ఎండుపుల్ల విరిగినట్టు. వాడు అరవలేదు. నేల మీద కూర్చుని పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు దాన్నే చూస్తున్నాడు.

మోసుకొచ్చాం. వాడి చోట్లోకి రెంజో దిగాడు. అదే జరిగి ఉండకూడదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఎందుకంటే మిగిలిన ఆ కాస్త సేపు రెంజో పంతొమ్మిదేళ్ల కుర్రాడిలా ఆడాడు. అతను అందించిన బంతితోనే చివరి బుట్ట పడింది. మేం గెలిచాం. జనం అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. పైనుంచి అతను మా కోసం వెతుక్కోవడం చూశాను. అప్పటికి మేం సాలెంను అంబులెన్సు ఎక్కిస్తున్నాం.

జనం మాట

ఆపరేషన్ చేసి ఎముకలో స్క్రూ బిగించారు. మర్నాడు రెంజో పూలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. సాలెం నాన్న గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెంజో చెయ్యి చాపాడు. ఆయన ఆ చేతి వైపు చూసి, ఇంగ్లీషులో ఒకే మాట అన్నాడు. "వెళ్లు."

రెంజో పూలు నాకిచ్చి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా ముదీర్ రెంజోకు ఇంకో ఏడాది ఇచ్చాడు. ఇవ్వక తప్పదు, ఆ స్థానంలో ఆడేవాడు లేడు. అప్పుడు యాదగిరి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మస్తాన్ భాయ్, బయట ఏమంటున్రో ఎర్కేనా? గాయన కావాల్ననే పోరన్ని ఆడిచ్చిండట. పోరడు పోతే జాగ తనకే ఉంటదని."

"నువ్వు నమ్ముతున్నావా?"

"నేను నమ్మ. పోరన్ని ఎట్ల చూసుకున్నడో నేను చూసిన. కని జనం నోరు ఎవడు మూస్తడు?"

రెంజో చెవినా పడింది. ఒక సాయంత్రం బల్ల మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తూ అడిగాడు.

"మస్తాన్, నేనది కోరుకున్నానా?"

నేను మోకాలి కింద నొక్కుతూనే ఉన్నాను.

"లోపల ఎక్కడో, నాకే తెలియకుండా, వాడు పోవాలని అనుకున్నానా? రోజూ వెతుకుతున్నాను. దొరకడం లేదు. దొరకనంత మాత్రాన లేదని ఎలా చెప్పను?"

"ఆ గదిలో నీ ముఖం నేను చూశాను," అన్నాను. "వేలు చూపించేటప్పుడు గర్వం ఉంది. దురాశ లేదు."

అతను కళ్లు మూసుకున్నాడు. "వాడి కాలు విరగడానికి ఆ గర్వమే సరిపోయింది కదా."

ఆ తర్వాతి ఏడాది ఆడాడు. వేరే పని తెలియదు కాబట్టి ఆడాడు. పాతిక అడుగుల దూరంలో మనిషి ఖాళీగా కనిపిస్తున్నా బంతి వదిలేవాడు కాదు, చేతిలోనే పెట్టుకుని ఆలోచించేవాడు. ఆ ఆటలో ఆలోచిస్తే పని అయిపోయినట్టే. సీజను చివర్లో ముదీర్ మర్యాదగానే వద్దన్నాడు. యాదగిరి, నేను వెళ్లి విమానం ఎక్కించాం. దారి పొడుగునా కల్బా వైపు రోడ్డు బోర్డులు కనిపించినప్పుడల్లా తల తిప్పి చూశాడు గానీ, అటు పోనిమ్మని అడగలేదు.

నేర్చుకున్నది

సాలెంతో నేను ఏడాది పైగా పనిచేశాను. నాన్న మాట దాటలేక, రెంజో ఉండే వేళల్లో వాడు క్లబ్బుకు వచ్చేవాడు కాదు. నీళ్లలో నడిపించాను, ఇసుకలో నడిపించాను. పరిగెత్తగలిగాడు. ఎగిరి దిగే క్షణంలో మాత్రం శరీరం భయపడేది. వాడు కాదు, వాడి శరీరం. దానికి మందు నా దగ్గర లేదు. ఒకరోజు ప్రాక్టీసుకు రాలేదు, తర్వాతి రోజూ రాలేదు. కల్బా మునిసిపాలిటీలో ఉద్యోగం దొరికిందని కబురు వచ్చింది.

కుర్రాళ్లను నాశనం చేసేవాళ్లు దుర్మార్గులై ఉంటారని నేను అంతకుముందు అనుకునేవాణ్ని. కోపిష్టి కోచ్‌లు, కప్పు పిచ్చి ఉన్న మేనేజర్లు. వాళ్లతో పోట్లాడటం తేలిక, ఎదురుగా కనపడతారు. సాలెంకు కీడు జరిగింది వాణ్ని ఆ క్లబ్బులో అందరికంటే ఎక్కువ ప్రేమించిన మనిషి వల్ల. తనకు దొరికిన మంచి రోజును వాడికీ ఇవ్వాలనుకున్నాడు, అంతే. లివొర్నోలో ఆ ముసలి కోచ్ నుదురు ముద్దు పెట్టుకోకపోయి ఉంటే, వేలు నొప్పి మాత్రమే గుర్తుండి ఉంటే, రెంజో ఆ రోజు వేరే మాట అనేవాడేమో.

అప్పటి నుంచీ గాయం చూడగానే నేను ముందు వెతికేది, ఈ ఆటగాడు ఎవరి ముఖం చూసి నిర్ణయం తీసుకుంటాడు అని. సంతకం పెట్టేవాడు వేరు, వీళ్లు చూసే ముఖం వేరు. తర్వాత ఒక హ్యాండ్‌బాల్ కుర్రాడి భుజం విషయంలో మేనేజరు దగ్గరికి పోకుండా, ముందు వాళ్ల పెద్దన్నకు ఫోన్ చేశాను. ఆ అన్న వచ్చి ఒక్కమాటతో తమ్ముణ్ని ఇంటికి తీసుకుపోయాడు. భుజం దక్కింది. ఆ రోజు సంతోషించాల్సింది పోయి, సాలెం విషయంలో ముదీర్ కంటే ముందు రెంజో దగ్గరికి ఎందుకు పోలేదని నన్ను నేను తిట్టుకున్నాను.

కల్బా

2008లో పని మానేసి ఇంటికి వచ్చేసే ముందు సాలెంను చూడాలనిపించింది. యాదగిరి తీసుకెళ్లాడు. సముద్రానికి దగ్గర్లోనే ఇల్లు. కాస్త లావయ్యాడు, గడ్డం పెంచాడు. నేల మీద తివాచీ పరిచి, చేపా అన్నం పెట్టి, మా ఇద్దరికీ కొసరి కొసరి వడ్డించాడు. వాళ్ల నాన్న పోయాడని చెప్పాడు. ఆట ఊసు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

చేతులు కడుక్కున్నాక రెంజో గురించి తనే అడిగాడు. వాడు అతన్ని ఎప్పుడూ కోచ్ అనే పిలిచేవాడు. "కోచ్ ఎలా ఉన్నాడు?"

"వాళ్ల ఊళ్లోనే. అక్క మొగుడి టైర్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. పిల్లలకు ఆట నేర్పమని అడిగారట, వద్దన్నాడట. మాట్లాడతావా?"

చేతులు తువాలుకు తుడుచుకున్నాడు. తర్వాత తలూపాడు. నేను నంబరు కలిపి, నేనేనని చెప్పి, ఫోన్ వాడికిచ్చాను. వాళ్లిద్దరూ మాట్లాడుకుని నాలుగేళ్లయింది. సాలెం మాటలే నాకు వినిపించాయి. "హలో కోచ్. బాగున్నాను. అవును, పెళ్లయింది." తర్వాత అవతలి ప్రశ్న విని, "పాదమా? బాగుంది. ఏం లేదు కోచ్, అసలు ఏం లేదు," అన్నాడు. ఫోన్ నాకిచ్చి, టీ తెస్తానని లేచాడు.

లేవడానికి గోడ పట్టుకున్నాడు. లేచాక మొదటి అడుగు వేయడానికి ఒక క్షణం ఆగాడు. ఆ తర్వాత కుంటుతూ లోపలికి వెళ్లాడు.

ఫోన్లో రెంజో అన్నాడు, "ఏం లేదంటున్నాడు. నిజమా మస్తాన్?"

యాదగిరి నా వైపు చూసి, నిజమనే చెప్పు అన్నట్టు కళ్లతో సైగ చేశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"నిజం కాదు," అన్నాను. "లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. బొటనవేలి వైపు బరువు వేయడం లేదు."

 రెంజో వెంటనే, "బూటులో వంపు కింద గట్టి మెత్త పెట్టించు. ఎక్కువసేపు నిలబడొద్దని చెప్పు. నొప్పి వస్తే ఆగిపోవాలి. ఆగిపొమ్మని నేను చెప్పానని చెప్పు," అన్నాడు.

సాలెం టీ పళ్లెంతో వచ్చాడు. ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉండడం చూసి, "కోచ్ క్యా బోల్ రహా హై?" అని అడిగాడు.

"నొప్పి వస్తే ఆగిపొమ్మంటున్నాడు," అన్నాను.

సాలెం పళ్లెం కింద పెట్టి, ముందు యాదగిరికి, తర్వాత నాకు టీ పోశాడు.

"అబ్?" అన్నాడు. ఇప్పుడా?

నవ్వుతూనే అన్నాడు. అవతల రెంజో విన్నాడో లేదో, నేను అడగలేదు.